శిబిరాల్లో చెత్త వేరుచేయడం నేర్పేముందు కొనేవాడిని వెతకాలి

దేవరకొండకు చెందిన ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. సామాజిక సేవలో పీజీ పూర్తిచేసిన ఆమె, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ దగ్గర రోహింగ్యా శరణార్థుల శిబిరాల్లో చెత్తను వేరుచేయడం, పనికొచ్చేదాన్ని రీసైక్లింగ్‌కు పంపడం జనానికి నేర్పే బృందంలో చేరబోతున్నారు. వెళ్లేలోపు ఈ సీజన్‌లో చౌటుప్పల్, భువనగిరి వైపు ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కార్మికుల గుడిసెల్లో ఆ పని చేసి చూడమని సంస్థవారు చెప్పారట. పోస్టర్లు, పాటలు, రంగుల బుట్టలు సిద్ధంగా ఉన్నాయని, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో, రెండుచోట్లకూ ఒకే పద్ధతి పనికొస్తుందో లేదో చెప్పమని అడిగారు.

అమ్మా, నేను పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పంచాయతీల పారిశుద్ధ్య పనులతోనూ వలస కూలీల గుడిసెలతోనూ ఏళ్ల తరబడి మెలిగినవాణ్ని. శరణార్థి శిబిరాల సంగతి ఆ రంగంలో పనిచేసిన మిత్రుల ద్వారా, అక్కడ పాటించే ప్రమాణాల ద్వారా తెలుసుకున్నవాణ్ని. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలినది ఒక్కటే. పాఠం సంగతి తర్వాత చూడవచ్చు. వేరుచేసిన సరుకును తీసుకెళ్లేవాడు ఎవడో, ఏ రోజు వస్తాడో, ఎంతకు కొంటాడో ముందు తేల్చుకోండి. ఆ మనిషి దొరికిన చోట మీ పాఠం సగం తనంతట తానే నడుస్తుంది. దొరకని చోట ఎంత మంచి పాట కట్టినా మీరు వెనుదిరిగిన వారానికి బుట్టలు నీళ్లు పట్టుకోవడానికి వాడుకుంటారు, అలా వాడుకోవడంలో తప్పు కూడా లేదు.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో మీ ఇంట్లోనే చూడవచ్చు. మన ఊళ్లలో ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను పారేయరు. చుట్టగా చుట్టి గోడ సందులోనో చూరులోనో దోపి ఉంచుతారు. వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వచ్చి కేకవేయగానే ఆ చుట్టలన్నీ బయటికి వస్తాయి, వాటికి బదులుగా ఒక స్టీలు గిన్నెనో ప్లాస్టిక్ డబ్బానో ఇంట్లోకి వెళుతుంది. పాత ఇనుప సామానుకు ఉల్లిగడ్డలు ఇస్తామని మైకు పెట్టుకుని తిరిగే ఆటో సంగతి కూడా అంతే. విరిగిన బకెట్టు, చిల్లుపడిన గిన్నె, తుప్పుపట్టిన మేకులు దానికోసమే ఒక మూల ఎదురుచూస్తుంటాయి. ఈ వేరుచేయడాన్ని ఏ అధికారీ నేర్పలేదు, ఏ గోడమీదా రాయలేదు. కాబట్టి బట్టీ దగ్గరకైనా శిబిరానికైనా "వీళ్లకు చెత్త వేరుచేయడం తెలియదు" అనే ఊహతో వెళ్లవద్దు. ఏది దాచుకుంటే లాభమో పేదవాళ్లకు మనకంటే బాగా తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు మనం మొదలుపెడితే వాళ్లకు ఆ సంగతి మొదటి నిమిషంలోనే అర్థమైపోతుంది.

బోధన ఒక్కటే సరిపోదనడానికి మీ జిల్లా పేరునే మోస్తున్న ఉదాహరణ ఒకటుంది. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నం కలిపి శుభ్రపరిచే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చి, ఆఫ్రికాలోని టాంజానియా దాకా వెళ్లింది. ఫ్లోరైడ్‌ను అది తగ్గిస్తుంది, బకెట్టుతో ఇంట్లోనే చేసుకోవచ్చు, నేర్పడమూ తేలికే. అయినా రోజూ పటిక కొలిచి వేసి, కలియబెట్టి, గంటసేపు తేటపడనిచ్చి, అడుగున మిగిలిన బురదను ఎక్కడో పారబోయడం కూలికి వెళ్లే ఇంటి ఇల్లాలి వల్ల ఎన్నాళ్లు అవుతుంది? మర్రిగూడ, మునుగోడు వైపు జనం తాగే నీరు మారింది కృష్ణా నీళ్లు పైపుల్లో ఊరిలోకి వచ్చాక. చెత్త విషయంలో కూడా ఇంటివాళ్ల మీద వేసే భారం రోజుకు ఎన్ని నిమిషాలో లెక్కకట్టుకోండి. తెల్లవారుజామున చీకటితో లేచి ఇటుకలు పోసే మనిషికి మూడు బుట్టల పద్ధతి చెప్పేముందు, ఆ మూడు బుట్టలు ఆ గుడిసెలో ఎక్కడ పెడతారో ఒకసారి లోపలికి వంగి చూడాలి.

ఇక తీసుకెళ్లే బండి సంగతి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడు రకాలుగా వేరుచేసి ఇవ్వాలన్నాయి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతితో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు, వేరుచేసే షెడ్లు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే నేను చూసిన ఒక పంచాయతీలో ఇంటివాళ్లు తడి, పొడి వేరుగా ఇచ్చినా రెండూ ఒకే ట్రాలీలో కలిసి యార్డుకు చేరేవి. వాకిట్లో నిలబడి అది కళ్లారా చూసిన ఆడవాళ్లు ఇంకో వారం వేరుచేసి, ఆ తర్వాత మానేశారు. వాళ్లకు మళ్లీ అవగాహన సదస్సు పెట్టారు. సదస్సు పెట్టవలసింది ట్రాలీకి అని అప్పట్లో మేం నవ్వుకునేవాళ్లం. ట్రాలీ మధ్యలో ఒక చెక్క అడ్డం పెట్టడానికి లేదా పొడి చెత్తకు వారంలో ఒక ప్రత్యేక దినం కేటాయించడానికి అయ్యే ఖర్చు ఆ సదస్సులో పంచిన టీ, బిస్కెట్ల ఖర్చుకు మించదు.

ఇటుక బట్టీలకు ఆ ట్రాక్టరు కూడా రాదు. బట్టీ ఊరికి దూరంగా చెరువు శిఖంలోనో చేల మధ్యనో ఉంటుంది. అక్కడివాళ్లకు ఊళ్లో ఓటు లేదు, ఇంటి నంబరు లేదు, కనుక వాళ్ల చెత్త పంచాయతీ లెక్కలోకి రాదు. బట్టీ యజమాని అది కూలీలను తెచ్చిన సర్దార్ చూసుకోవాలంటాడు, సర్దార్ అది యజమాని పని అంటాడు. వలస కార్మికులకు తగిన వసతి ఇవ్వవలసిన బాధ్యత వాళ్లను తెచ్చినవారిదేనని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం నుంచీ ఉన్న మాట. చెత్త తీయడం ఆ వసతిలో భాగమని మెల్లగా, కానీ రాతపూర్వకంగా గుర్తుచేయండి. పంచాయతీ కార్యదర్శిని కలిసి వారంలో ఒక్కసారి ట్రాక్టరు బట్టీ దాకా వచ్చేలా ఒప్పించడం మీ మొదటి పని. దాన్ని పాఠానికి ముందు చేయవలసిన ఏర్పాటుగా కాకుండా పాఠంలో భాగంగానే తీసుకోండి, ఎందుకంటే ట్రాక్టరు చెప్పిన రోజున రావడమే అక్కడివాళ్లు మిమ్మల్ని నమ్మడానికి ఆధారం.

తర్వాత చెత్తను చూడండి. పుస్తకాల్లో భారతీయ పట్టణాల చెత్తలో సగానికి పైగా తడి చెత్తే ఉంటుందని రాసి ఉంటుంది, అది పట్టణాలకు నిజమే. బట్టీ గుడిసెల్లో ఆ లెక్క తలకిందులవుతుంది. ఒక పది గుడిసెల చెత్తను వారం రోజులు సంచుల్లో పట్టి, ఆదివారం సంతకు వెళ్లి వచ్చాక, అందరి ఎదుట ఒక టార్పాలిన్ మీద కుమ్మరించండి. నూకల అన్నం మిగలదు, మిగిలితే కోళ్లు తింటాయి. కూరగాయల తొక్కలు పిడికెడు కూడా ఉండవు. ఎక్కువగా కనిపించేది పొయ్యి బూడిద. దాని తర్వాత గుట్కా ప్యాకెట్లు, షాంపూ పాకెట్లు, మంచినూనె కవర్లు, ఐదు రూపాయల చిప్స్ కవర్లు. ఆ తర్వాత క్వార్టర్ సీసాలు, నీళ్ల బాటిళ్లు, తెగిన హవాయి చెప్పులు, మాత్రల అట్టలు, టార్చిలైటు బ్యాటరీలు, పిల్లల డైపర్లు. బియ్యం, నూకల సంచులు మాత్రం ఆ కుప్పలో ఒక్కటి కూడా దొరకదు, ఎందుకంటే అవి గుడిసెకు తలుపుగా, పైకప్పులో అతుకుగా, పడుకోవడానికి పరుపుగా మారి ఉంటాయి. వాటిని చెత్త జాబితాలో రాసుకుని వచ్చిన శిక్షకులను నేను చూశాను.

ఆ టార్పాలిన్ పరిచిన రోజునే పాత సామాను వ్యాపారిని తక్కెడతో సహా అక్కడికి రప్పించండి. అతడు ఒక్కో వస్తువు పట్టుకుని ఇది తీసుకుంటాను, ఇది తీసుకోను, ఇది కడిగి ఇస్తే తీసుకుంటాను అని చెబుతుంటే గుడిసెలవాళ్లు వింటారు. నీళ్ల బాటిల్ మూత వేరే రకం ప్లాస్టిక్ అని, దాన్ని తీసి ఇస్తే వ్యాపారికి పని తగ్గుతుందని, అట్టముక్క తడిస్తే ధర పడిపోతుందని, పగిలిన సీసా మొత్తం బస్తా ధరను చెడగొడుతుందని అతడి నోటి నుంచి వస్తే అది బేరం. మన నోటి నుంచి వస్తే అది ఉపన్యాసం. భాష సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది. బలంగీర్, నువాపడ వైపు నుంచి వచ్చేవాళ్లు మాట్లాడే ఒడియా పుస్తకాల ఒడియా కాదు, కాబట్టి తెలుగు పోస్టరును ఒడియాలోకి అచ్చువేయించినా చదివేవాళ్లు తక్కువే. రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలో కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో చదువుచెప్పే పని ప్రదేశ బడులు నడిచాయి. అలాంటి బడి ఏదైనా దగ్గరలో ఉంటే ఆ ఉపాధ్యాయురాలి సాయం తీసుకోండి, ఆమె మాటకు అక్కడ ఉండే విలువ మీకూ నాకూ ఉండదు.

బుట్టలు రెండు చాలు, అవి బుట్టలే కానక్కరలేదు. పొడి సరుకుకు గుడిసె బయట గుంజకు వేలాడదీసిన ఒక పాత సంచి, మిగిలినదానికి ఒక డబ్బా. బూడిదను మాత్రం విడిగా, తడి తగలకుండా ఒకచోట పోయమనండి. అది గుంత మరుగుదొడ్డిలో చల్లడానికీ, ఎరువు గుంతలో వాసన అణచడానికీ పనికొస్తుంది, నిప్పు ఆరకుండా ప్లాస్టిక్ మీద పోస్తే మాత్రం కుప్ప మొత్తం రాత్రంతా రగులుతుంది. బ్లేడ్లు, సూదులు, పగిలిన గాజు, బ్యాటరీలకు గుడిసెకొక డబ్బా అవసరం లేదు, పది గుడిసెలకు కలిపి మూతకు చీలిక పెట్టిన ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉంటే సరిపోతుంది. నెలసరి గుడ్డలు, ప్యాడ్ల గురించి ఆడవాళ్లతో ఆడవాళ్లే, విడిగా, మగవాళ్లు పనిమీద ఉన్న వేళ మాట్లాడాలి. టార్పాలిన్ మీద అందరి ఎదుట చెత్త కుమ్మరించేముందే ఆ సంచులను పక్కన పెట్టించకపోతే మీరు ఎంత మంచివారైనా రెండోసారి ఎవరూ సంచి ఇవ్వరు.

కాల్చే అలవాటు గురించి కొంచెం ఓపికగా మాట్లాడాలి. కట్టెలు పచ్చిగా ఉన్నప్పుడు పొయ్యి రాజేయడానికి కవర్లు వాడతారు. అది తెలియనితనం అనుకోవద్దు, కిరోసిన్ లేని చోట నిప్పు రాజేసేది అదే. ముఖ్యంగా పీవీసీ కలిసిన ప్లాస్టిక్ కాలితే వెలువడే డయాక్సిన్ల వంటి విషాల గురించి చెప్పవలసిందే, అయితే ఆ పొగ ముందుగా పీల్చేది పొయ్యి పక్కన కూర్చున్న తల్లీ చంకలోని బిడ్డా అన్నది చెబితేనే అది వాళ్ల సంగతి అవుతుంది. చెప్పి ఊరుకోకుండా బట్టీ దగ్గర దొరికే ఊకనో ఎండిన కందికట్టెనో పొయ్యి రాజేయడానికి ఇచ్చేలా యజమానిని ఒప్పించండి. దోమల సంగతి కూడా అలాగే. డెంగీ దోమ పెట్టే గుడ్లు పగిలిన కుండపెంకులో, టీ కప్పులో, టైరులో నిలిచిన మంచినీళ్లలో పొదుగుతాయి కనుక, మన ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రైడే అని నిలిచిన నీళ్లు పారబోయించే పనిని పొడి చెత్త తీసుకెళ్లే రోజుతో జతచేస్తే ఒక్క తిరుగుడులో రెండు పనులు జరుగుతాయి.

కొనేవాడు లేని సరుకు గురించి నిజాయితీగా ఉండాలి. గుట్కా, చిప్స్, షాంపూ పాకెట్లలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు, అందుకే పాత సామాను వ్యాపారి వాటిని తాకడు. వీటిని రీసైకిల్ చేస్తామని జనానికి చెప్పడం అబద్ధం. దక్షిణ తెలంగాణకు ఈ విషయంలో ఒక వెసులుబాటుంది. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేలల్లో సిమెంటు కర్మాగారాలున్నాయి, సిమెంటు బట్టీలో 1400 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి ఉంటుంది, ఇలాంటి ప్లాస్టిక్‌ను బొగ్గుతో పాటు అక్కడ ఇంధనంగా వాడడాన్ని ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు అనుమతిస్తాయి. అయితే కర్మాగారం సంచులు తీసుకోదు, లారీలు తీసుకుంటుంది. సరుకు పొడిగా, మట్టి లేకుండా, బేళ్లుగా కట్టి ఉండాలి. ఒక ఇటుక బట్టీ వల్ల అది కాదు, మున్సిపాలిటీ వాళ్ల పొడి చెత్త కేంద్రానికి మీ సంచులు చేర్చగలిగితే వాళ్ల లారీలో మీవీ వెళతాయి. ఆ దారి కుదిరేదాకా ఈ పాకెట్లను ఒక మూసిన సంచిలో ఎండబెట్టి దాచమనడం, ఎందుకు దాచమంటున్నామో ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప వేరే మార్గం లేదు. పాకెట్లతో బ్యాగులు అల్లించి అమ్ముదామనే ఆలోచన ప్రతి బృందానికీ వస్తుంది. ఫోటోలకు అది బాగుంటుంది, కుప్ప తగ్గదు.

ఇప్పుడు మీరు వెళ్లబోయే చోటు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి పారిపోయి వచ్చారు. కాక్స్ బజార్ జిల్లాలోని ఉఖియా, టెక్‌నాఫ్ ప్రాంతాల్లో 33 శిబిరాల్లో పది లక్షలకు పైగా ఉన్నారు. కుతుపాలోంగ్ ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి శిబిరంగా పేరుపడింది. చెట్లు కొట్టేసిన మట్టిగుట్టల మీద వెదురు, టార్పాలిన్ గుడిసెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, మన పాలమూరులో దానిలో అయిదో వంతు కురిస్తే మంచి కాలం అంటాం. ఈ ఒక్క తేడాతోనే ఇక్కడ నేర్చుకున్న ఎరువు గుంత అక్కడ పనికిరాకుండా పోతుంది. మన దగ్గర వేసవిలో గుంత ఎండిపోకుండా నీళ్లు చల్లాలి. అక్కడ గుంత నిండి పొంగి మురికి కిందనున్న గుడిసెల్లోకి దిగుతుంది కనుక నేల మీద ఎత్తుగా, పైన కప్పు వేసిన పీపాలోనో తొట్టెలోనో ఎరువు చేయాలి. కాలువలో చిక్కిన ఒక ప్లాస్టిక్ ముద్ద ఇక్కడ దోమలకు కారణమైతే అక్కడ గుట్టవాలున వరదకు, మట్టి జారడానికి కారణమవుతుంది. బంగ్లాదేశ్ 2002లోనే పలుచని పాలిథిన్ సంచులను నిషేధించిన మొదటి దేశం కావడానికి కూడా వరదల్లో మూసుకుపోయిన మురుగుకాలువలే కారణం. అందువల్ల అక్కడ మీ పాఠం ధర దగ్గర కాకుండా కాలువ దగ్గర మొదలు కావచ్చు. వానాకాలానికి ముందు ప్రతి ఇంటికీ తెలిసిన భయం అది.

కొనేవాడి సంగతి అక్కడ మరింత చిక్కు. పాత సామాను వ్యాపారిని అక్కడ భంగారి అంటారు. అతడు స్థానికుడు, శిబిరంలోకి స్వేచ్ఛగా రాలేడు. శరణార్థులు శిబిరం దాటి వెళ్లడానికి ఆంక్షలున్నాయి, చట్టబద్ధంగా ఉద్యోగం చేసే హక్కు లేదు, సంస్థల దగ్గర స్వచ్ఛంద కార్యకర్తలుగా పనిచేస్తే గౌరవభృతి మాత్రం దక్కుతుంది. బేరం అనేది పుట్టడానికే సంస్థ మధ్యవర్తిగా నిలబడాలి. బట్టీలో అడ్వాన్సు తీసుకుని వచ్చిన మనిషి సీజన్ ముగిసేదాకా కదలలేనట్టే అక్కడి మనిషి కంచె దాటలేడు కనుక, తక్కెడను గుడిసెల దగ్గరికి తీసుకెళ్లే పద్ధతి రెండుచోట్లా ఒకటే. సర్దార్ లాంటి మనిషి అక్కడ మాఝీ, ఒక్కో బ్లాకుకు పెద్ద. ఆయన్ను కాదని ఏమీ చేయలేరు, అంతా ఆయన చేతుల మీదుగానే నడిపినా పేదవాళ్లకు ఏమీ చేరదు. మొదటి సమావేశం ఆయన వాకిట్లో పెట్టి, తూకం మాత్రం ప్రతి వరుసలో విడిగా, అందరూ చూస్తుండగా వేయించండి. రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకు దగ్గరగా ఉంటుంది, దాన్ని రాసి చదివే అలవాటు తక్కువ; చేసి చూపించడం, రికార్డు చేసిన మాట వినిపించడం తప్ప అక్షరాలను నమ్ముకోవద్దు. పరదా పాటించే కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇంటింటికీ తిరగడానికి అక్కడి ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీసుకోవాలి.

మానవతా సాయం చేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల 2018 ప్రతిలో మనిషికి రోజుకు అర కిలో చెత్త, అంటే 1 నుంచి 3 లీటర్లు, లెక్కవేసుకోమని ఉంది. ఉమ్మడి డబ్బా 40 కుటుంబాలకు ఒకటి, 100 లీటర్లది ఉండాలని ఉంది. ఈ రెండు అంకెలనూ కలిపి చూడండి. 40 కుటుంబాలంటే ఇంచుమించు 200 మంది, వాళ్ల చెత్త 200 నుంచి 600 లీటర్లు. డబ్బా రోజుకు రెండు నుంచి ఆరుసార్లు ఖాళీ కావాలి, లేదా డబ్బాలు పెరగాలి. ఈ లెక్క చూడకుండా డబ్బాలు దించి వెళ్లిన చోట మధ్యాహ్నానికే డబ్బా చుట్టూ కుప్ప పేరుకుంటుంది, దాన్ని చూపించి జనానికి అలవాటు లేదని నివేదిక రాస్తారు. జోర్డాన్‌లో 2012లో తెరిచిన జాతారీ శిబిరంలో, సుమారు 80 వేల మంది సిరియన్ల మధ్య, ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ నడిపిన రీసైక్లింగ్ పనిలో శరణార్థులనే వంతులవారీగా కూలికి పెట్టుకున్నారు. ఎడారి నేల, ఖాళీ జాగా, దారికి దగ్గరగా ఉన్న కొనుగోలుదారులు వంటి అనుకూలతలు కాక్స్ బజార్‌కు లేవు కనుక ఆ నమూనాను పూర్తిగా ఎత్తుకురావడం కుదరదు, కానీ వేరుచేసే శ్రమకు కూలి కట్టడం అనే ముక్క మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది.

శిబిరం కొత్తగా వెలిసిన రోజుల్లో మాత్రం వేరుచేయడం ఊసే ఎత్తవద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి రాజోలి, అలంపూర్ వైపు ఊళ్లు మునిగినప్పుడు సహాయ శిబిరాల్లో నీళ్ల పాకెట్లు, పులిహోర పొట్లాలు, ఎవరెవరో పంపిన పాత బట్టలు మోకాలెత్తున పేరుకున్నాయి. ఆ చెత్తలో ఎక్కువ భాగాన్ని తెచ్చినది సాయం చేసినవాళ్లు, బాధితులు కాదు. ఆ వేళ చేయవలసింది గుంత తీసి పూడ్చడం, ఈగలు ముసరకుండా చూడడం. ఈ సంగతి పాత శిబిరాలకు కూడా కొంత వర్తిస్తుంది; మీ సంస్థ పంచే వస్తువులు ఎన్ని పొరల ప్లాస్టిక్‌లో చుట్టి వస్తున్నాయో కొనుగోళ్ల విభాగాన్ని అడగండి. శరణార్థికి చెత్త తగ్గించమని చెప్పే సంస్థ తన లారీ వెనుక డాలాను ఒకసారి చూసుకోవాలి.

పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. ఎక్కువ బాటిళ్లు తెచ్చిన పిల్లలకు బహుమతి అనే పోటీ తేలికగా అందరికీ తడుతుంది, ఫలితమూ వెంటనే కనిపిస్తుంది. రెండో రోజు నుంచి పిల్లలు డంపుల మీద, మురుగుకాలువల్లో దిగి ఏరుతారు. సూదులు గుచ్చుకుంటాయి, బడి ఎగ్గొడతారు, బట్టీల దగ్గర అది నేరుగా బాలకార్మికం అవుతుంది. పిల్లలకు పాట నేర్పండి, ఆట ఆడించండి, గుర్తుపట్టే పందెం పెట్టండి, ఏరుకురమ్మని మాత్రం చెప్పవద్దు. ఏరే పెద్దవాళ్లకు చేతి తొడుగులు, బూట్లు, ధనుర్వాతం టీకా ముందుగా ఇప్పించండి.

మీ పని నడుస్తోందో లేదో హాజరు పట్టికలో కనబడదు. వారానికి ఒకరోజు చెప్పకుండా వెళ్లి, ఏవో పది గుడిసెల సంచులు విప్పి, అందులో కలవకూడనివి ఎన్ని కలిశాయో చూసుకోండి; విప్పేది కూడా ఆ వరుసలోని ఆడమనిషే అయితే మంచిది. ఎవరి సంచిలో ఏముందో బయట చెప్పవద్దు, ఫోటో తీయవద్దు. కలగలుపు ఎక్కువగా కనిపిస్తే మళ్లీ సమావేశం పెట్టే ముందు ఆ వారం బండి వచ్చిందా, వ్యాపారి సరైన తూకం వేశాడా అని విచారించండి. నేను చూసినంతవరకు పదిలో ఎనిమిది సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది.

డబ్బు లెక్క ముందే తేల్చుకోండి. పొడి సరుకు అమ్మగా వచ్చేది చిన్న మొత్తం. దాన్ని కమిటీ ఖాతాలో వేసి ఉమ్మడి పనులకు వాడదామని సంస్థలు అంటాయి. అలా చేసిన చోట రెండు నెలల్లో గుసగుసలు మొదలై, మూడో నెలలో సంచులు ఖాళీగా వస్తాయి. ఏ ఇంటి సరుకు డబ్బు ఆ ఇంటికి అప్పటికప్పుడు తక్కెడ దగ్గరే ఇప్పించండి, చిల్లర లేకపోతే ఉల్లిగడ్డలో సబ్బో ఇప్పించండి. కొనేవాడు లేని పాకెట్లను మోసుకెళ్లే బండి ఖర్చు మాత్రం బట్టీ దగ్గరైతే యజమాని, శిబిరంలోనైతే సంస్థ భరించాలి. చౌటుప్పల్‌లోనూ భువనగిరిలోనూ పాత సామాను దుకాణాలు హైవే పక్కనే ఉంటాయి. గుడిసెలకు వెళ్లేముందు ఒక పూట అక్కడ కూర్చుని, ఏ సరుకు ఎంతకు పోతోందో, ఎంత బరువు పోగైతే బండి పంపుతారో అడిగి రాసుకోండి. బట్టీలు డిసెంబరు ప్రాంతంలో నిండి, మే, జూన్ నెలల్లో ఖాళీ అవుతాయి కాబట్టి ఈ విచారణ నవంబరు లోపే పూర్తికావాలి.